తూర్పింట పెట్టిన సంచీ

మొన్న సాయంత్రం రియాజ్ వచ్చాడు. మా పాత వీధిలో కళాయి సాయిబుగారి మనవడు. తాత ఇత్తడి గిన్నెలకు కళాయి పూసిన చోటే ఇప్పుడు మేడ కట్టి, కింద స్టీలు సామాన్ల కొట్టు పెట్టాడు. రాజమండ్రిలో చెల్లెలి పెళ్ళి అని కార్డు నా చేతిలో పెట్టి, కూర్చోకుండానే ఏర్పాట్లన్నీ చెప్పేశాడు. "టీచరమ్మా, గురువారం తెల్లారగట్ల నాలుగ్గంటలకి బస్సు. మా ఇంటి దగ్గరే ఎక్కాలి. పెద్దోళ్ళందరికీ ముందు సీట్లు ఉంచేను." ముందు సీట్లు అనేసరికి నాకు చిర్రెత్తుకొచ్చింది. ముప్పయ్యేళ్ళు రోలుగుంట, కోటవురట్ల, నక్కపల్లి బళ్ళకి బస్సుల్లో కమ్మీ పట్టుకుని నిలబడి వెళ్ళి లెక్కలు చెప్పినదాన్ని, నాకెందుకయ్యా ముందు సీటు అన్నాను. వాడు నవ్వాడు. "పోనీ ఎనక సీటే తీసుకోండి. సంచీ మాత్రం ముందురోజు రాత్రే మా ఇంట్లో పెట్టేయండి. మా దాదీ సెప్పేది, ఈ వీధిలో ఎవరు ఊరెళ్ళినా ముందు మా ఇంట్లో సంచీ పెట్టి ఎల్లేవోరంట. అచ్చొచ్చిన ఇల్లంట మాది. ఆ మొదటి సంచీ మీదేనంట కదా?" అన్నాడు. అవునయ్యా, నాదే అన్నాను. టీ ఇస్తానంటే ఇంకా పదిళ్ళు తిరగాలని వెళ్ళిపోయాడు.

ఇవాళ బుధవారం. రాత్రి భోజనమయ్యాక సంచీ సర్దడానికి కూర్చుంటే పావుగంటలో అయిపోయింది. రెండు చీరలు, బీపీ మాత్రలు, ఫోను చార్జరు, పెళ్ళికూతురికి ఇవ్వాల్సిన చీర. ఫోనులో మూడింటికి ఒక అలారం, దాన్ని నమ్మక మూడుంపావుకి ఇంకొకటి పెట్టాను. రియాజ్ ఇంట్లో సంచీ పెట్టి వచ్చాను, ఇక పడుకోవడమే. పడుకుంటే నిద్ర రాదు. రేపు గురువారం, దక్షిణ శూల, రాజమండ్రి మాకు దక్షిణమే, అని ఎవరూ అడగకుండానే బుర్రలో మెదిలింది. నేను వాటిని నమ్మను. నమ్మకపోయినా ఎక్కాలతోపాటు నోటికి వచ్చేశాయి కాబట్టి పోవు. సోమ శని తూర్పు, మంగళ బుధ ఉత్తరం, గురువారం దక్షిణం, శుక్ర ఆది పడమర. ఏ వారం ఏ దిక్కుకి శూలో ఆ వారం ఆ దిక్కుకి బయల్దేరకూడదు. ఇదంతా నాకు నేర్పింది మా నాన్న. నేర్పాడు అనకూడదేమో, నా మీద వాడాడు.

నాన్న బెల్లం మార్కెట్లో కాటా వేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా విప్పి మేకుకి తగిలిస్తే అరగంటలో గోడ మీద చీమలు బారు కట్టేవి. మా ఇంట్లో చీమలకి భయపడి పంచదార డబ్బా దాచేవాళ్ళం కాదు, నాన్న చొక్కా దాచేవాళ్ళం. మనిషి మెత్తన. గొంతు పెంచేవాడు కాదు, చెయ్యెత్తేవాడు కాదు. ఒక్క గుణం మాత్రం ఉండేది. ఎవరికీ ఏదీ 'కాదు' అని తన నోటితో చెప్పేవాడు కాదు, పంచాంగం చేత చెప్పించేవాడు. నేను సైకిలు కావాలంటే అమావాస్య దాటనీ అన్నాడు. అమావాస్య దాటితే శూన్యమాసం వచ్చింది. అది దాటేసరికి వానలొచ్చాయి, వానల్లో కొత్త సైకిలు ఎవరు కొంటారన్నాడు. మా మేనత్త తన కొడుక్కి నన్ను చేసుకుంటానని వచ్చి కూర్చుంటే మూఢం అన్నాడు. మూఢం వెళ్ళేలోగా అత్తకి రోషమొచ్చి వేరే సంబంధం చూసుకుంది. ఆ ఒక్కసారికి పంచాంగానికి నేను మనసారా దణ్ణం పెట్టుకున్నాను.

అమ్మ నేను ఎనిమిదో తరగతిలో ఉండగా జ్వరంతో పోయింది. అప్పట్నుంచి పొయ్యి నాది. ఇంట్లో ఉన్నది ముగ్గురం, నాన్న, నాన్నని కన్న మామ్మ, నేను. మామ్మకి రెండు కళ్ళల్లోనూ పొర కమ్మేసింది. వెలుతురుకి మనిషిని పోల్చేది గాని చీకట్లో చెయ్యే కనపడేది కాదు. తెల్లారి లేచి వసారాలో పొయ్యి రాజేసి, టీ కాచి, నాన్న మార్కెట్‌కి వెళ్ళేలోగా చద్దన్నంలో ఉల్లిపాయ కోసిపెట్టి, మధ్యాహ్నానికి గంజి వార్చి, ఆ తర్వాత బడికో కాలేజీకో పరిగెత్తడం. ఇది కష్టమని అప్పుడు నాకు తెలీదు. పొగకి కళ్ళు మండుతున్నప్పుడు మాత్రం కోపమొచ్చేది. ఆ కోపంలోనే పొయ్యి ముందు పుస్తకం పెట్టుకుని చదివి ఇంటర్ పాసయ్యాను, ఆ కోపంలోనే మామ్మకి తప్ప ఎవరికీ చెప్పకుండా టీచర్ ట్రైనింగ్‌కి దరఖాస్తు పడేశాను.

సీటొచ్చిందని కవరు వచ్చింది. సోమవారం ఉదయం తొమ్మిదికల్లా అసలు సర్టిఫికెట్లతో, తండ్రి సంతకం చేసిన ఫారంతో విశాఖపట్నంలో హాజరవ్వాలి. హాజరవ్వనివాళ్ళ సీటు జాబితాలో తర్వాతవాళ్ళకి వెళ్ళిపోతుంది. రెండేళ్ళు హాస్టల్లో ఉండాలి. అంటే రెండేళ్ళు మా ఇంట్లో పొయ్యి రాజేసే మనిషి ఉండదు. ఈ సంగతి నాన్నకి నేను చెప్పనక్కర్లేదు, కవరు చదవగానే ఆయన పొయ్యి వైపు చూశాడు. గురువారం సంతకం అడిగితే "సూద్దాం" అన్నాడు. శుక్రవారం "సూద్దాంలే" అన్నాడు. శనివారం నేను అడగలేదు, అలిగాను. ఆదివారం పొద్దున్న చద్దన్నం ముందు కూర్చుని తనే తీశాడు మాట. "రేపు సోమారం కదమ్మా. ఇశాపట్నం మనకి తూరుపు. తూరుపు సూల" అన్నాడు, నాతో కాదు, మామ్మతో.

మామ్మ పళ్ళు తోముకుంటున్న వేపపుల్ల తీసి, "తెల్లారగట్ల నాలుగున్నర బండికి ఎల్తాది. పొద్దు పొడవకుండా సోమారం ఎలగౌతాదిరా? పొద్దు పొడిసేదాకా ఆదివారవే" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. పంచాంగం లెక్కలో రోజు మారేది సూర్యోదయంతోనే, గడియారంతో కాదు. నాన్న ఒక ముద్ద నమిలి మింగేదాకా ఆలోచించాడు. "బండి లేటైతేనో? అది ఎప్పుడు టయానికొచ్చింది గనక? పేటఫారం మీదే పొద్దు పొడుత్తాది. ఇంకో బండికి, ఇంకో ఏడాదికి సూద్దాం" అన్నాడు. మామ్మ పుక్కిలించి ఉమ్మేసి మళ్ళీ నోరెత్తలేదు. మామ్మ నోరెత్తలేదంటే ఇంట్లో ఏదో జరగబోతోందన్నమాట. నాన్నకి అది తెలీదు. నలభయ్యేళ్ళు ఆవిడ కొడుగ్గా బతికి కూడా తెలీలేదు.

నాన్న మంచం మీద వాలగానే మామ్మ నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది. "ఏడుత్తన్నావా? ఏడిత్తే మొకం ఉబ్బుతాది, రేపు అక్కడ సూసినోళ్ళు రోగిష్టి గుంట అనుకుంటారు. లంగా ఇస్త్రీ సెయ్యి. మినప్పప్పు నానబొయ్యి" అంది. ఇక ఆ మధ్యాహ్నమంతా ప్రయాణం పనులే. ఇత్తడి చెంబులో నిప్పులు పోసి, మసి అంటకుండా అడుగు తుడిచి, నీలం లంగా మీద, తెల్ల ఓణీ మీద అటూ ఇటూ నడిపించాను. ఓణీ అంచు కొంచెం కమిలింది, అది కుచ్చిళ్ళలోకి మడిచేశాను. చెప్పు తెగితే పిన్నీసు పెట్టాను. పిండి రుబ్బాను. దిబ్బరొట్టె తెల్లారగట్ల తనే కాలుస్తానంది మామ్మ. కనపడదు కదే అంటే, "రొట్టికి కళ్ళెందుకే, ముక్కుంటే సాలదా?" అంది. తెల్లారి మూడింటికి లేవడానికి మా ఇంట్లో గడియారం లేదు. దానికీ ఆవిడ దగ్గర ఉపాయముంది. పడుకునేముందు చెంబెడు నీళ్ళు తాగమంది. కోడి తప్పొచ్చు గాని అది తప్పదంది.

తర్వాత సంచీ. నాన్నకి మార్కెట్లో ఇచ్చిన ఖాకీ గుడ్డసంచీ, నాలుగుసార్లు ఉతికినా బెల్లం వాసన పోలేదు. మామ్మ కింద కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది. నేనొక్కొక్కటీ అందిస్తుంటే తడిమి చూసి లోపల సర్దింది. దువ్వెన, తువ్వాలు, ఇంకో జత బట్టలు, పెన్ను. ఒక గుడ్డముక్కలో పిడికెడు బియ్యం, పసుపుకొమ్ము, వక్క పెట్టి ముడేసి అడుగున పెట్టింది. అదెందుకంటే చెప్పలేదు. "కాయితాలన్నీ పెట్టేవా?" అంది. పెట్టానన్నాను. "మళ్ళీ సూడు. తరవాత అది లేదు ఇది లేదంటే కుదరదు." మళ్ళీ చూశాను. కాగితాలున్న కవరు కవరంతా పెట్టాను. అదే నేను చేసిన తప్పు. ఆ కవర్లో సంతకం లేని ఫారం కూడా ఉందని, సంతకం పెట్టాల్సిన మనిషి ఇంకా పెట్టలేదని, ఇద్దరం ఆ హడావుడిలో మర్చిపోయాం.

సాయంత్రం నాన్న స్టేషన్ దగ్గర టీ కొట్టుకి వెళ్ళాడు. ఆయన వీధి మలుపు తిరగగానే మామ్మ సంచీ చంకన పెట్టుకుని, రెండో చెయ్యి నా భుజమ్మీద వేసి, ఎదురింటికి నడవమంది. మా గుమ్మం తూర్పుకి. ఎదురిల్లు కళాయి సాయిబుగారిది. అప్పుడే గిన్నెలు దించి కొలిమి ఆర్పుతున్నాడు, కళాయికి వాడే నవసాగరం ఘాటు వీధంతా ఉంది. ఆయన భార్య మీరాబీ చాట పక్కన పెట్టి లేచింది. మామ్మ గుమ్మంలోంచే సంచీ చాపి, "బూబమ్మా, రేప్పొద్దున్న దాకా ఇది మీ ఇంట్లో ఉండాలి. పరస్తానం పెడతన్నాను" అంది. అప్పుడర్థమైంది నాకు. ప్రయాణం రోజు మంచిది కాకపోతే, మంచి ఘడియలో సంచీని ముందే గడప దాటించి వెళ్ళే దిక్కున ఇంకొకరి ఇంట్లో పెడతారు. సంచీ వెళ్ళిందంటే మనిషి బయల్దేరినట్టే లెక్క. ఇక శూల లేదు, వర్జ్యం లేదు.

మీరాబీకి ఇది కొత్త. "మా ఇంట్లో ఎందుకు మామ్మా? మీవోళ్ళిళ్ళు లేవా?" అంది. "మావోళ్ళు పడమటన ఉన్నారు, ఉత్తరాన ఉన్నారు. తూరుపున ఉన్నది నువ్వే" అంది మామ్మ. మీరాబీ ఒక్క క్షణం ఆలోచించి, "కానీ మేం పడమటకి తిరిగి మొక్కుతాం గదా మామ్మా, మరి పనికొత్తాదా?" అని నిజంగానే అనుమానంగా అడిగింది. మామ్మకి విసుగొచ్చింది. "నువ్వెటేపు తిరిగి మొక్కితే నాకేటే? ఇల్లు తూరుపున ఉందా లేదా?" కళాయి సాయిబు కొలిమి దగ్గర పడీపడీ నవ్వాడు. మీరాబీ సంచీ రెండు చేతులా అందుకుని, రేకుపెట్టె మీద ఉతికిన దుప్పటి పరిచి దానిమీద పెట్టింది.

నాన్న దీపాలు పెట్టే వేళకి వచ్చాడు. గోడ మీద మేకుకి ఖాకీ సంచీ లేదు. "సంచేదే?" అన్నాడు. "ఎల్లిపోయింది" అంది మామ్మ. "ఎక్కడికి?" "ఎక్కడికని అడక్కూడదురా, ఎల్లేదాన్ని. పరస్తానం పెట్టేను, తూరుపింట్లో. గుంట ఆదివారవే ఎల్లిపోయింది. ఇంక నీ సోమారం నువ్వే ఉంచుకో." నాన్న మంచం మీద కూర్చున్నాడు. ఆయన పంచాంగాన్ని ఆయన మీదే తిప్పికొట్టారు, ఏమనగలడు? మామ్మ ముఖం వెలిగిపోయింది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అప్పుడు నాన్న చాలా మెల్లగా, "మరి ఫారం మీద నా సంతకం ఒద్దా?" అన్నాడు.

ఫారం సంచీలో ఉంది, సంచీ ఎదురింట్లో ఉంది. తెస్తానని నేను గుమ్మం దిగబోతే నాన్నే ఆపాడు. "తెచ్చుకో. తెత్తే పెడతాను. కానీ పరస్తానం పెట్టినదాంట్లోంచి ఒక్క కాయితం ఎనక్కొచ్చినా పెయాణం ఎనక్కొచ్చినట్టే. అది నాను సెప్పింది కాదు, మీ మామ్మనే అడుగు." నిజమే మరి. ఆవిడ నమ్మేదీ అదే. నాన్న పక్షం రోజుల పాటు అలిగినా ఇంత ఒళ్ళు మండేది కాదు నాకు. మామ్మే మళ్ళీ, "కాయితం ఇటు రాకూడదు గాని నువ్వటు ఎల్లకూడదని ఏ పంచాంగంలో ఉంది? నాలుగడుగులు. ఎల్లి పెట్టిరా" అంది. "దీపాలెట్టేక ఆడోళ్ళున్న ఇంటికి ఏటని ఎల్తాను? పొద్దున్న సూద్దాంలే" అని నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అన్నం కూడా తినలేదు.

మామ్మ నాకు అన్నం పెట్టి, చెంబెడు నీళ్ళు తాగించి, "నువ్వూ ఎల్లు. అక్కడే పడుకో" అంది. నేను అర్థం కాక చూశాను. "సంచీ ఎల్లిపోయి నువ్విక్కడుంటే ఏటి లెక్క? ఇంకోటి సెప్తాను ఇను. పొద్దున్న నువ్వింట్లో ఉన్నావంటే ఆడు టీ అడుగుతాడు. నువ్వు కాత్తావు. కాసేవంటే ఇంకెక్కడికీ ఎల్లవు." అప్పుడు ఆ మాట అంత ఎక్కలేదు. నేను వెళ్ళకపోతే ఏమవుతుందో నాకంటే మామ్మకే బాగా తెలుసు. నేను వెళితే ఆ చీకటి కళ్ళతో పొయ్యి ముందు కూర్చోవలసింది తనే అనీ తెలుసు. తెలిసే తోసేసింది. నా భుజాలు పట్టుకుని గడప దాటించి, నేను వెనక్కి తిరిగి చూడకుండా తలుపేసేసింది.

మా బడి పిల్లల్లో చాలామందిని నేను ఇలాంటి ప్రయాణాలకి పంపాను. కౌన్సెలింగ్ అంతా ఇప్పుడు ఫోన్లోనే అవుతుంది, సర్టిఫికెట్లు ఫోన్లోనే ఉంటాయి, కారు గుమ్మంలోకి వస్తుంది. రాత్రి పదింటికి అనుకుని తెల్లారి నాలుగింటికి వెళ్ళిపోవచ్చు. శూలలు అడిగేవాళ్ళు తగ్గారు. అడ్డు చెప్పేవాళ్ళు మాత్రం తగ్గలేదు, పంచాంగం తీసి పక్కన పెట్టి సూటిగా చెబుతున్నారు. పోయినేడాది ఒక పిల్ల తండ్రి, నేను మూడుసార్లు ఫోన్ చేసినా, "మేం పంపం మేడమ్, ఇంక మాట్లాడకండి" అని పెట్టేశాడు. ఎక్కడ పట్టుకోవాలో నాకు తెలియలేదు. మా నాన్న 'కాదు' అనకపోవడం పిరికితనమని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. ఇప్పుడంత గట్టిగా అనలేను. కాదని నోటితో అనేసినవాడు ఆ మాట మీద నిలబడాలి, లేకపోతే పరువు పోతుంది. తప్పు వారం మీదకి తోసేసినవాడికి దిగిరావడానికి దారి ఉంటుంది. మామ్మకి దూరడానికి సందు దొరికిందంటే అందుకే దొరికింది. అలాగని పంచాంగాలు మళ్ళీ రావాలని నేను కోరుకోను. ఆ పిల్ల తండ్రి మీద నాకు ఇప్పటికీ కోపమే.

మీరాబీ నాకు లోపలి గదిలో చాప వేసింది. నిద్ర పట్టలేదనుకున్నాను గాని పట్టింది, ఎందుకంటే నీళ్ళ చెంబు రెండున్నరకల్లా లేపేసింది. మామ్మ మాట తప్పలేదు. దొడ్డివైపు వెళ్ళొచ్చి దీపం చిన్నది చేసుకుని సంచీ విప్పాను. ఫారం తీశాను, పెన్ను తీశాను. నాన్న సంతకం నాకొచ్చు. నాలుగక్షరాలు, చివర ఒక గీత. ప్రోగ్రెస్ కార్డుల మీద చూసి చూసి వచ్చేసింది. పెట్టడానికి మనసు జంకలేదు, ఈ రోజుకీ ఒప్పుకుంటాను. అలికిడికి మీరాబీ లేచి వచ్చి చూసింది. కాగితం చూసింది, పెన్ను చూసింది, ఏమీ అడగలేదు. వాళ్ళింట్లో ఒక టైంపీసు ఉండేది. దాన్ని తెచ్చి నా ముందు పెట్టి, "నాలుగు దాకా ఆగు బేటీ. నాలుగైతే నువ్వే పెట్టెయ్. నేనేటీ సూళ్ళేదు" అంది. నాలుగైతే పెట్టేస్తాను అనుకున్నాను. ఎవరేమన్నా సరే నాలుగున్నర బండి ఎక్కుతాను అనుకున్నాను. లంగా ఓణీ కట్టుకుని, జడ వేసుకుని, కిటికీ దగ్గర కూర్చున్నాను.

ఎదురుగా, వీధిదీపం మసక వెలుతురులో మా వసారా. మూడు దాటాక మామ్మ వచ్చింది. గోడ పట్టుకుని పొయ్యి దాకా వచ్చి కూర్చుని, అగ్గిపెట్టె కోసం నేల తడిమింది. పుల్ల గీసింది, ఆరిపోయింది. ఇంకోటి గీసింది. వెలిగిన పుల్లని పొయ్యిలో కాకుండా పొయ్యి గట్టు మీద పెట్టింది. నాలుగేళ్ళుగా నేను కళ్ళు మూసుకుని చేసిన పని అది. లేచి పరిగెత్తబోయాను. మీరాబీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంకో రెండు పుల్లలు ఆరాయి. అప్పుడు నాన్న మంచం దిగాడు. వచ్చి మామ్మ చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుని, గొంతుక్కూర్చుని, కొబ్బరిపీచు అంటించి, గొట్టంతో ఊదడం మొదలుపెట్టాడు. నాన్న పొయ్యి ఊదడం నేను పుట్టి బుద్ధెరిగాక చూళ్ళేదు. పొగకి దగ్గాడు, కళ్ళు తుడుచుకున్నాడు, మళ్ళీ ఊదాడు. మంట లేచింది. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు, నాకు వినపడలేదు. చాలా రోజుల తర్వాత ఏమన్నాడే అని మామ్మని అడిగితే, "ఏటంటాడు, ఉప్పెక్కడుందో అడిగేడు" అంది.

నాలుగుకి పది నిమిషాలుండగా మీరాబీ ఇంటి తలుపు చప్పుడైంది. నాన్న తువ్వాలులో వేడి రొట్టె మూటకట్టుకుని వచ్చాడు, వెనక ఆయన చొక్కా అంచు పట్టుకుని మామ్మ. లోపలికి రావడానికి మొహమాటపడుతుంటే కళాయి సాయిబు, "రా బావా, బైటెందుకు" అని చెయ్యిపట్టి లోపలికి తెచ్చాడు. నాన్న రేకుపెట్టె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఫారం దీపం దగ్గరగా పెట్టుకున్నాడు. బస్తాల మీద అంకెలు చదివిన మనిషి, అక్షరాలు కూడబలుక్కుని మొత్తం చదివాడు. 'నా కుమార్తె శిక్షణ పూర్తయ్యేవరకు వసతి గృహంలో ఉండుటకు నాకు అభ్యంతరం లేదు' అన్న చోట ఆగాడు. "రెండేళ్ళా?" అన్నాడు. రెండేళ్ళే నాన్నా అన్నాను. "అభ్యంతరం లేదు" అని ఆ మాట ఇంకోసారి పైకి చదివి, నాలుగక్షరాలూ పెట్టి, చివర గీత గీశాడు. నేను వేసేదానికంటే పొడుగ్గా వచ్చింది.

నాకు ఏడుపు ఆగలేదు. మొకం ఉబ్బుతుందని మామ్మ కూడా అనలేదు. సంచీ తీసుకుని మీరాబీకి చెప్పి వీధిలోకి వచ్చాం. ఇంకా చీకటిగానే ఉంది. నాన్న నా తల మీద చెయ్యి పెట్టి, "మరి ఎల్లమ్మా" అన్నాడు.

మామ్మ ఉలిక్కిపడింది. "ఓరి నీ నోరు పడ! ఎల్లు అంటావేట్రా, ఎల్లేదాన్ని పట్టుకుని? ఎల్లిరా అనాలి. అను!"

నాన్న అనలేదు. సంచీ నా చేతిలోంచి తీసుకుని తన భుజాన వేసుకున్నాడు.

"ఎల్లిరా అంటే వచ్చెత్తాదమ్మా" అన్నాడు. అని నాకంటే ముందు స్టేషన్ వైపు నడిచాడు.